కొవిడ్ తగ్గాక వచ్చే జ్వరం

పిల్లలకు కొవిడ్ సోకితే చాలావరకు రెండు మూడు రోజుల జలుబు, జ్వరంతో పోతుంది. కొందరిలో ఆ మాత్రం కూడా కనిపించదు. అయితే అరుదుగా, వైరస్ సోకిన 2 నుంచి 6 వారాల తర్వాత, గుండె, పేగులు, చర్మం, మెదడు వంటి పలు అవయవాలను ఒకేసారి దెబ్బతీసే జబ్బు తలెత్తుతుంది. దాని పేరు మల్టీసిస్టమ్ ఇన్‌ఫ్లమేటరీ సిండ్రోమ్ ఇన్ చిల్డ్రన్. వైద్యులు మిస్-సి అంటారు.

2020 ఏప్రిల్‌లో లండన్ వైద్యులు దీన్ని గుర్తించారు. అక్కడ పది రోజుల్లోనే 8 మంది పిల్లలు తీవ్ర జ్వరంతో, బీపీ పడిపోయి ఐసీయూలో చేరారు. అదే వసంతంలో ఇటలీలోని బెర్గామోలో రెండు నెలల్లో 10 మంది పిల్లలకు కవాసాకి వ్యాధిని పోలిన జబ్బు వచ్చింది. అంతకుముందు ఐదేళ్లలో అక్కడ కవాసాకి వ్యాధితో వచ్చినవారు 19 మందే. జపాన్ వైద్యుడు తొమిసాకు కవాసాకి 1967లో వర్ణించిన ఆ వ్యాధి ఎక్కువగా ఐదేళ్లలోపు పసివాళ్లకు వస్తుంది. మిస్-సి మాత్రం ఎక్కువగా ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసు వారిలో కనిపించింది. గుండె కండరం బలహీనపడటం, షాక్ కూడా ఇందులోనే ఎక్కువ.

ఈ జబ్బుతో వచ్చిన చాలామంది పిల్లల ముక్కులో వైరస్ దొరకలేదు. రక్తంలో దాని మీద తయారైన యాంటీబాడీలు మాత్రం ఉన్నాయి. అంటే ఇక్కడ హాని చేస్తున్నది ప్రధానంగా వైరస్ కాదు, దాన్ని తరిమిన రోగనిరోధక వ్యవస్థే. 2024లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన ఇందుకు ఒక ఆధారం చూపింది. కరోనా వైరస్ ప్రొటీన్‌లోని ఒక చిన్న ముక్క, మన కణాల్లోని ఎస్‌ఎన్‌ఎక్స్8 అనే ప్రొటీన్‌లోని ముక్కను పోలి ఉంటుంది. పరీక్షించిన మిస్-సి పిల్లల్లో సుమారు మూడోవంతు మందికి ఆ సొంత ప్రొటీన్ మీదే యాంటీబాడీలు ఉన్నాయి. పోలిక వల్ల పొరబడిన రక్షణ వ్యవస్థ సొంత కణాల మీదికే తిరుగుతుందన్నమాట.

తగ్గని జ్వరం ప్రధాన లక్షణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలో అది కనీసం మూడు రోజులు ఉండాలి. దానితోపాటు కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు వస్తాయి. నొప్పి ఒక్కోసారి ఎంత తీవ్రంగా ఉంటుందంటే అపెండిసైటిస్ అనుకుంటారు. పుసి కట్టకుండానే రెండు కళ్లూ ఎర్రబడతాయి. ఒంటిమీద దద్దుర్లు, పగిలిన పెదవులు, ఎర్రగా గరుకెక్కిన నాలుక కనిపించవచ్చు. చేతులు చల్లబడి పిల్లలు మగతగా ఉంటే ప్రమాదం ముదిరినట్టే. గోటిని నొక్కి వదిలినప్పుడు మామూలుగా రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి వస్తుంది. షాక్‌లోకి జారుతున్న పిల్లల్లో అంతకన్నా ఆలస్యమవుతుంది.

మన ప్రాంతంలో జ్వరం, దద్దుర్లు, తగ్గిన ప్లేట్‌లెట్లు అనగానే డెంగీ గుర్తొస్తుంది. టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ కూడా ఇలాగే మొదలు కావచ్చు. అందుకే వాటికి పరీక్షలు చేస్తూనే మిస్-సి సంగతీ చూడాలి. ఇంట్లో నెల కిందట ఎవరికైనా జలుబు, దగ్గు వచ్చాయా అన్నది ఇక్కడ విలువైన సమాచారం. తల్లిదండ్రులు దాన్ని తప్పక చెప్పాలి. రక్తంలో సీఆర్‌పీ, ఫెరిటిన్, డి-డైమర్ పెరగడం ఒంట్లో రేగిన ఇన్‌ఫ్లమేషన్‌ను చూపుతుంది. ట్రోపోనిన్ పరీక్ష, ఎకో గుండె పరిస్థితిని తెలుపుతాయి. గుండెకు రక్తం అందించే కరొనరీ ధమనులు ఉబ్బాయేమో ఎకోలోనే కనిపెడతారు.

చికిత్సలో ముఖ్యమైనవి ఇమ్యునోగ్లోబ్యులిన్, స్టెరాయిడ్లు. వేలమంది దాతల ప్లాస్మా నుంచి సేకరించిన యాంటీబాడీలే ఇమ్యునోగ్లోబ్యులిన్. కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున, 20 కిలోల పిల్లవాడికి 40 గ్రాముల మందును గంటల తరబడి సెలైన్‌లా నెమ్మదిగా ఎక్కిస్తారు. గుండె బలహీనంగా ఉంటే రెండు రోజులకు పంచుతారు. రక్తం గడ్డకట్టకుండా తక్కువ మోతాదు ఆస్పిరిన్ వాడతారు. ఆస్పిరిన్‌ను పిల్లలకు సొంతంగా ఇవ్వకూడదు.

సకాలంలో చికిత్స అందితే చాలామంది కొద్ది రోజుల్లోనే తేరుకుంటారు. మరణాలు సుమారు 1 నుంచి 2 శాతం. గుండె పనితీరు వారాల్లో మామూలు స్థితికి వచ్చినా, మళ్లీ ఎకో తీయించి, వైద్యులు సరేననేవరకు పిల్లలను పరుగులకు, ఆటల పోటీలకు దూరంగా ఉంచాలి.

2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో 21 ఏళ్లలోపు వారిని లెక్కిస్తే, వైరస్ సోకిన ప్రతి 10 లక్షల మందిలో సుమారు 316 మందికి మిస్-సి వచ్చింది. ఒమిక్రాన్ కాలం నుంచి ఇది మరింత అరుదైంది. 12 నుంచి 18 ఏళ్ల వారిలో ఫైజర్ టీకా రెండు డోసులు దీని ముప్పును సుమారు 91 శాతం తగ్గించాయని డెల్టా కాలంలో అక్కడే జరిగిన అధ్యయనంలో తేలింది. వైరస్ మాత్రం పోలేదు. కొవిడ్ సోకిన కొద్ది వారాలకే పిల్లలకు జ్వరం తిరగబెట్టి మూడు రోజులైనా తగ్గకపోతే, కడుపునొప్పి, ఎర్రబడిన కళ్లు, మగత తోడైతే, పారాసిటమాల్‌తో సరిపెట్టక వెంటనే పిల్లల వైద్యుడికి చూపించాలి.