రిజిస్ట్రీ అయితే హక్కు వచ్చినట్లేనా?

పాల డబ్బు కూడబెట్టి పట్నంలో ఒక ప్లాటు కొనవలెనన్న కోరిక మన సంఘాల సభ్యులలో చాలామందికి ఉన్నది. లాలాపేట డెయిరీకి పనిమీద వచ్చి, అటునుంచి అటే తార్నాక, మౌలాలి వైపు ప్లాట్లు చూచి వెళ్లేవారూ ఉన్నారు. తనిఖీకి వెళ్లినచోట వారు మమ్ములను అడిగేది ఒకటే: "రిజిస్ట్రీ అయితే ఇక భయం లేదు గదా సార్?"

ఉన్నది. సంఘం పాల పుస్తకంలో పాలు పోసినవారి పేరు, లీటర్లు, వెన్న శాతం వ్రాస్తాము. గేదె ఎవరిదో వ్రాయము. సబ్ రిజిస్ట్రారు పనీ దాదాపు అంతే. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం దస్తావేజు వ్రాసి ఇచ్చినవారు ఒప్పుకున్నారా, స్టాంపు సుంకం కట్టారా అని చూస్తారు. నిషేధిత జాబితాలోని భూమి అయితే ఆపుతారు. అమ్మేవానికి హక్కు ఉన్నదా అని తేల్చడం ఆయన పని కాదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పినది. లేని హక్కును ఎన్నిసార్లు రిజిస్ట్రీ చేసినా అది పుట్టదు.

హైదరాబాదు చుట్టూ ఈ చిక్కు ఎక్కువ. మౌలాలి గుట్ట క్రింద సమాధి ఉన్న మహలఖా బాయి చందాకు నిజాం అడిక్‌మెట్ జాగీరు ఇచ్చారు. నేటి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ చుట్టుపక్కలనే ఉన్నది. జాగీరు అంటే శిస్తు వసూలు చేసుకొనే హక్కేగాని మట్టి మీద హక్కు కాదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దు అయినవి. అయినా తాతగారి జాగీరు అని చెప్పి అమ్మజూపేవారు నేటికీ తగులుతారు. ఉర్దూ ముద్రలున్న పాత కాగితం చూపగానే మనవారికి గౌరవం కలుగుతుంది, అదే చిక్కు. మణికొండలో 1654 ఎకరాల జాగీరు భూమిని వక్ఫు అని 2006లో ప్రకటించారు. అది ప్రభుత్వానిదేనని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తేల్చినది. తీర్పుకు పదహారేండ్లు పట్టినది!

కౌలు భూములది మరొక కథ. 1950 కౌలుదారీ చట్టం క్రింద 38-ఇ సర్టిఫికెట్ పొందిన రక్షిత కౌలుదారే యజమాని. పాత పట్టాదారు వారసులు వచ్చి ఆ భూమిని అమ్మితే చెల్లదు.

అందుచేత బయానా ఇవ్వకముందే సర్వే నంబరు తీసుకొని, సేత్వారు, 1954-55 ఖాస్రా పహాణీ, తరువాతి పహాణీల నకళ్లు సంపాదించండి. ఖాస్రాలో ఉన్న పేరు నుంచి నేడు అమ్మేవాని పేరు వరకు ప్రతి మెట్టుకూ కాగితం ఉండవలెను: అమ్మకం, పంపకం లేక వారసత్వం. నడుమ ఒక్క మెట్టు లేకపోయినా ఆగండి. ఇ.సి. ఒక్కటే చాలదు, రిజిస్ట్రీ కాని ఒప్పందం గాని, నోటిమాట పంపకం గాని అందులో కనబడవు. ధరణి పోయి 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చినది, అందులోనూ చూడవచ్చును. కాని పాత పహాణీల పని అది చేయదు.

జి.పి.ఎ. మీద "అమ్మకం" అంటే అసలే వద్దు. దానితో యాజమాన్యం రాదని 2011 అక్టోబరు 11న సుప్రీంకోర్టు స్పష్టం చేసినది.

సంఘం పేర పాల కేంద్రానికి స్థలం కొనేటప్పుడు కూడా ఈ నకళ్లన్నీ వకీలుకు చూపించి, ఆయన వ్రాతపూర్వక అభిప్రాయం సర్వసభ్య సమావేశం ముందు ఉంచిన తరువాతనే తీర్మానం చేయించవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాము.