నాటకం చందా – నలుగురి వాటా



వార్షికోత్సవం అనగానే మనకు నాటిక గుర్తొస్తుంది. ఎవరు ఏ వేషం వేశారో పదేళ్ల తర్వాత కూడా చెప్పుకుంటాం. కానీ ఆ నాటికకు డబ్బులు ఎక్కడి నుంచి వచ్చాయి, మిగిలినవి ఎటు పోయాయి అని అడిగేవారు తక్కువ. ఒక చిన్న నాటక బృందం తన ఖర్చుకు తానే డబ్బు కూడబెట్టుకొని, అందులో కొంత తన ప్రాంతంలో న్యాయం కోసం పనిచేసేవారికి ఇవ్వగలదా? ఇస్తే ఏ పద్ధతిలో ఇవ్వాలి? ఈ వ్యాసంలో ఆ విషయం వివరించడానికి ప్రయత్నిస్తాను.

ముందు మన జిల్లా సంగతే చూద్దాం. బోధన్ దగ్గరి అమ్దాపూర్ అంటే చిందు ఎల్లమ్మ ఊరు. 2005లో కన్నుమూసిన ఆమె పేరు తలవకుండా చిందు యక్షగానం గురించి మాట్లాడలేం. జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ఎంతో ముందే ఈ కళను మన చెరుకు పొలాల మధ్య ఒక మహిళ నిలబెట్టింది.

చిందోళ్ల మేళం ఎట్లా బతికిందో తెలుసుకుంటే మన ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. వారికి మిరాసి ఉండేది. అంటే ఫలానా ఊళ్లలో ఆడే హక్కు ఫలానా కుటుంబానిది. ఆ ఊరి మాదిగ కుటుంబాలు మేళానికి ధాన్యమో, డబ్బో ఇవ్వాలి. మేళం జాంబ పురాణం చెప్పి, ఆ కులం పుట్టుక గొప్పదని అందరి ముందు ఆడి చూపించాలి. ఊరు అంటరానివారన్న మనుషులకు తమ కథ తాము వినే రాత్రి అది. కాబట్టి మేళానికి ఇచ్చింది భిక్ష కాదు, కళాకారుని హక్కు. చూసేవారికి దక్కింది కాలక్షేపం ఒక్కటే కాదు, గౌరవం కూడా.

అయితే మిరాసిని పొగిడి ఊరుకుంటే సరిపోదు. అది కులానికి కట్టిన ముడి. ఆడేవానికి వేరే దారి ఎంచుకునే వీలు లేదు, ఇచ్చేవాని చేతిలో కూడా పెద్దగా ఏమీ లేదు. సినిమా, టీవీ వచ్చి, పల్లె జనం వలస పోయాక ఆ ఏర్పాటు సన్నగిల్లింది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది. కార్మికుని ఇంట్లో జీతం ఆగిపోతే దుకాణం బేరం తగ్గుతుంది, పండుగ చందా తగ్గుతుంది, ఆటకు పిలిచేవారూ తగ్గుతారు. నాటకం డబ్బు ఊరి డబ్బుతోనే ముడిపడి ఉంటుంది.

ఇక కులం ముడి లేకుండా, ఒక ఆశయం కోసం నాటకం డబ్బు కూడబెట్టిన కాలం కూడా ఉంది. 1943లో బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. ఆ ఏడాదే ఇప్టా ఏర్పడింది. ఆంధ్రలో ప్రజానాట్యమండలి పుట్టింది కూడా అప్పుడే. బెంగాల్ కళాకారులు దేశమంతా తిరిగి పాటలు పాడి, ఆటలాడి కరువు సహాయ నిధికి డబ్బు పోగుచేశారు. 1944లో వచ్చిన 'నబన్న' నాటకం ఆ కరువు కథే. తెలంగాణ రైతుల పోరాటం మీద సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన 'మా భూమి' 1947లో వచ్చి ఊరూరా ఆడింది. తర్వాత మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నాటకానికి జనంలో ఎంత బలముందో చెప్పడానికి ఆ నిషేధమే సాక్ష్యం.

మరో ఉదాహరణ ఢిల్లీలోని జన నాట్య మంచ్. 1973లో మొదలైన ఈ బృందం వీధి నాటకం అయిపోగానే ఒక గుడ్డ పరుస్తుంది. చూసినవారు తోచినంత వేస్తారు. 1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర కార్మికుల వాడలో నాటకం ఆడుతుండగా దాడి జరిగింది. గాయపడిన సఫ్దర్ హష్మీ మరునాడు చనిపోయారు. రెండు రోజుల తర్వాత ఆయన భార్య మలయశ్రీ, తోటి కళాకారులు అదే చోటికి వెళ్లి ఆగిన నాటకాన్ని పూర్తిచేశారు. ఆయన పేరు మీద 2012లో తెరిచిన స్టూడియో సఫ్దర్ చందాలతో నిలబడ్డ చిన్న రంగస్థలం. దాని తలుపులు ఇతర బృందాలకూ తెరిచే ఉంటాయి. సాయమంటే డబ్బు ఒక్కటే కాదు, చోటు ఇవ్వడం కూడా సాయమేనని దీనివల్ల తెలుస్తుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. నిజామాబాద్‌లో ఒక బృందం నాటకం వేస్తుందని అనుకుందాం. రూ.50 టికెట్లు 300 అమ్ముడైతే రూ.15,000 వస్తాయి. హాలు కిరాయికి 4,000, లైట్లు, మైకులకు 3,000, దుస్తులు, మేకప్‌కు 1,500, ఎనిమిది మంది కళాకారులకు తలా 500 చొప్పున 4,000 పోతాయి. మొత్తం ఖర్చు రూ.12,500. మిగిలేది 2,500 మాత్రమే. ఇది ఊహించిన లెక్కే అయినా, టికెట్ల మీదనే ఆధారపడితే ఇంకొకరికి ఇవ్వడానికి ఏమీ మిగలదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కాబట్టి అనుభవం ఉన్నవారు రెండు సంచులు పెడతారు. మొదటి సంచి ఖర్చులకు. ఇది సావనీర్‌లో దుకాణాల ప్రకటనలు, పూర్వ విద్యార్థుల చందాలు, హాలు తక్కువ కిరాయికి ఇచ్చేవారి సాయంతో నిండాలి. రెండో సంచి టికెట్లది. ఖర్చులు మొదటి సంచిలోంచి వెళ్తే టికెట్ల రూ.15,000 మొత్తం చేతిలో ఉంటుంది. అందులో సగం వచ్చే నాటకానికి దాచుకొని, సగం సంఘానికి ఇవ్వవచ్చు. ఈ వాటా ఎంతో టికెట్ మీద ముందే అచ్చు వేయాలి. ఆట అయ్యాక చెప్పే లెక్కకు విలువ తక్కువ.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సేవా కార్యక్రమం అనగానే ముందు కోత పడేది కళాకారుని కూలికే. డప్పు కొట్టేవానికి, చిందు వేసేవానికి "మంచి పని కదా, ఊరికే రా" అంటారు. మైకు అద్దెకిచ్చేవానితో ఆ మాట అనరు. పేదల కోసం చేసే కార్యక్రమంలో పేద కళాకారుని కూలి ఎగ్గొడితే అది సామాజిక న్యాయం ఎట్లా అవుతుంది? కూలి ముందు, దానం తర్వాత. కళాకారుడు తనంతట తాను వద్దంటే అది వేరే సంగతి.

కాగితాల సంగతి కూడా తెలిసి ఉండాలి. ఏడుగురు సభ్యులుంటే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు. సొసైటీ పేరు మీద పాన్ కార్డు, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా ఉండాలి. నాటకం టికెట్ రూ.500 దాటకపోతే జీఎస్టీ ఉండదని 2018 జనవరిలో నిర్ణయించారు. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించాలంటే సంస్థకు విడిగా అనుమతి ఉండాలి. రూ.2,000 దాటిన నగదు చందాకు ఆ మినహాయింపు రాదు. అందుకే పెద్ద మొత్తాలు చెక్కు ద్వారా లేదా ఆన్‌లైన్‌లో తీసుకోవడం మంచిది. చిన్న మొత్తానికైనా రసీదు ఇవ్వాలి.

ఎవరికి ఇవ్వాలన్నది చివరి ప్రశ్న. మన ప్రాంతంలో బీడీలు చుట్టే అక్కలున్నారు, చెరుకు కొట్టే కూలీలున్నారు, ఫీజు కట్టలేక చదువు ఆపే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. వారి కోసం పనిచేసే సంఘాన్ని ఎంచుకొనే ముందు దాని లెక్కలు చూడాలి. వారిని స్టేజీ మీదికి పిలిచి కవరు చేతికిచ్చి ఫొటో తీయడం మానాలి. దానికి బదులు నాటకం రాసేటప్పుడే వారిని కూర్చోబెట్టుకొని, ఏది నిజం, ఏది కాదు అని అడగాలి. జాంబ పురాణం రాత్రి చూసేవారికి దక్కిన గౌరవం వీరికీ దక్కాలి.

మన హాస్టల్ గోడల మధ్య ఇది మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. వచ్చే వార్షికోత్సవానికి ఒక నాటిక, ఒక చందా పుస్తకం, నోటీసు బోర్డు మీద ఒక లెక్క కాగితం చాలు. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు మొదటి సంచి నింపండి. ఇక్కడ ఉన్న మేము రెండో సంచికి కాపలా ఉంటాం. ఒక చిందు మేళాన్ని కూడా పిలుద్దాం. వారు అడిగిన కూలి బేరమాడకుండా ఇద్దాం.