లీటరు పెట్రోలులో ఎవరి పాలెంత?



గడచిన వైశాఖమాసమున మా గ్రామపు రచ్చబండకడ కూర్చుండియుండగా, మొక్కజొన్న సాగుచేయు పెద్దకాపొకరు నన్నొక ప్రశ్న యడిగిరి. "పంతులుగారూ! పెట్రోలులో ఐదవవంతు మన మొక్కజొన్నలనుండియు, చెఱకునుండియు తీసిన మద్యసారమే కలుపుచున్నారట. ఆ మేరకు పరదేశపు నూనె తగ్గినది గదా! మఱి బంకులో వెల తగ్గలేదేమి?" అచ్చటనున్నవారందఱు నావైపు చూచిరి. వ్యాకరణము, కావ్యములు గురుముఖమున చదివి, బ్రతుకుతెరువునకై బడిలో లెక్కలు చెప్పినవాడను. అయినను ఆనాడు సమాధానము తోచలేదు. మా మండలమున అట్టి మద్యసారపు కర్మాగారమొకటి నిలుపుదురను వదంతి యుండుటచే ఆ ప్రశ్న వట్టి కాలక్షేపపు ప్రశ్నయును కాదు. ఇంటికి వచ్చి లెక్కలు వెదకితిని. దొరకినది మీతో చెప్పెదను.

ముందు వెలయొక్క స్వరూపమును చూతము. 2024 మార్చి నడుమ ఢిల్లీలో లీటరు పెట్రోలు వెల 94 రూపాయల 72 పైసలు. అందు చమురు కంపెనీ తన సరకునకు వేసికొన్నది 55 రూపాయల 46 పైసలు. రవాణా 20 పైసలు. కేంద్రప్రభుత్వపు సుంకము 19 రూపాయల 90 పైసలు. బంకు యజమానికి 3 రూపాయల 77 పైసలు. ఢిల్లీ ప్రభుత్వపు అమ్మకపు పన్ను 15 రూపాయల 39 పైసలు. కూడి చూచుకొనుడు, సరిపోవును. అదే దినములలో హైదరాబాదున లీటరు 107 రూపాయలు దాటియుండెను. సరకు వేఱు కాదు. కేంద్రసుంకము వేఱు కాదు. తెలంగాణమున అమ్మకపు పన్ను నూటికి 35 రూపాయల 20 పైసలగుటయే కారణము. ఆంధ్రప్రదేశమున నాడు నూటికి 31 వంతులు, ఆపైన లీటరునకు 4 రూపాయలు, రోడ్లకని మఱియొక రూపాయి. ఇంకొక విశేషమేమనగా, రాష్ట్రపు పన్ను సరకు వెలమీద మాత్రమే కాక, కేంద్రసుంకమును కలుపుకొన్న మొత్తముమీద పడును. పన్నుమీద పన్నన్నమాట. హైదరాబాదువాడు చెల్లించిన 107లో రాష్ట్రమునకు సుమారు 28, కేంద్రమునకు దాదాపు 20, వెరసి 48 రూపాయలు పన్నులే.

ఒక్క వస్తువుపై ఇరువురు పన్ను వేయుట నిన్నటి మాట కాదు. 1938లో మధ్యపరగణాలు, బేరారు రాష్ట్రమువారు పెట్రోలుమీదను, కందెన నూనెలమీదను అమ్మకపు పన్ను విధించుచు చట్టము చేయగా, అది ఎక్సైజు సుంకమే, ఆ అధికారము మాది యని కేంద్రము తగవునకు వచ్చెను. ఫెడరల్ కోర్టు అభిప్రాయము కోరబడెను. సరకు తయారగుచోట వేయునది కేంద్రపు సుంకమనియు, అమ్ముడుపోవుచోట వేయునది రాష్ట్రపు పన్ననియు, రాష్ట్రపు చట్టము చెల్లుననియు కోర్టువారు చెప్పిరి. నాటి ఆ గీటు మన రాజ్యాంగములోనికిని వచ్చినది. 2017 జూలై 1వ తేదీనుండి దేశమంతటికి జి.యస్.టి. యను ఒకే పన్ను వచ్చినప్పుడుకూడ పెట్రోలు, డీసెలు దాని వెలుపలనే నిలిచినవి. 2021 సెప్టెంబరున లక్నోలో ఆ పన్నుల మండలి సమావేశమైనప్పుడు ఈ సంగతి ముందునకు వచ్చినది. చేర్చుటకు సమయము కాలేదని విడిచిరి. ఏ రాష్ట్రమును ఈ పాడియావును విడువ నొల్లలేదు. నేను వారిని తప్పుపట్టజాలను. రాష్ట్రమునకు స్వయముగా రేటు నిర్ణయించుకొనదగిన పెద్ద పన్నులు ఇపుడు మిగుల కొలదియే.

రాజు పన్ను గొనుట సూర్యుడు నీటిని పీల్చుటవంటిదనియు, అది వేయిరెట్లుగా వర్షించుటకేయనియు కాళిదాసు రఘువంశములో చెప్పినాడు. మంచిమాటయే. కాని వాన ఎక్కడ కురియునో చూడవలయును గదా! ఆ 19 రూపాయల 90 పైసలలో మూలసుంకము కేవలము 1 రూపాయి 40 పైసలు. తక్కినది ప్రత్యేకసుంకము 11 రూపాయలు, రోడ్ల సెస్సు 5 రూపాయలు, వ్యవసాయపు సెస్సు రెండున్నర రూపాయలు. రాజ్యాంగము ననుసరించి సెస్సులను, సర్‌ఛార్జీలను కేంద్రము రాష్ట్రములకు పంచనక్కఱలేదు. పదునైదవ ఆర్థికసంఘమువారు పంచుమన్న నూటికి 41 వంతులు ఆ రూపాయి 40 పైసలకే వర్తించెను. అనగా 57 పైసలు, అదియు రాష్ట్రములన్నిటికి కలిపి. అందు తెలంగాణపు వంతు పైసన్నరకు లోపు. ఆంధ్రప్రదేశపు వంతు రెండు పైసలకు పైచిలుకు. కేంద్రము ఆ సొమ్ముతో రోడ్లు వేయుట లేదని కాదు. కాని నాడు లీటరునకు 20 రూపాయలు ఢిల్లీకి పోగా, దానినుండి మన రాష్ట్రపు ఖజానాకు హక్కుగా తిరిగివచ్చినది ఇంత యని మన గ్రామములలో ఎందఱకు తెలియును?

ఇక మద్యసారము. దీనినే ఇపుడు ఎథనాల్ అనుచున్నారు. పెట్రోలులో దీనిని కలుపుట క్రొత్త ఊహ కాదు. 1948లోనే ఇందులకై కేంద్రము ఒక చట్టము చేసినది. అది చాలకాలము కాగితముమీదనే యుండెను. 2003లో తొమ్మిది రాష్ట్రములందు నూటికి 5 పాళ్ళు కలుపవలెనని ఉత్తరువైనది; అందు ఆంధ్రప్రదేశమును ఒకటి. అయినను 2013-14 నాటికి దేశము మొత్తముమీద కలిసినది నూటికి ఒకటిన్నర పాలు మాత్రమే. 2018 నాటి జీవ ఇంధన విధానము వచ్చిన పిమ్మట, పుచ్చిన ధాన్యమునుండియు, మిగులు ధాన్యమునుండియు, చెఱకు రసమునుండియు తీయుటకు అనుమతి లభించి, 2022 జూన్ నాటికి పది పాళ్ళు, 2025లో ఇరువది పాళ్ళు అయినవి. మన దేశమునకు వలయు ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా పరదేశములనుండి వచ్చుచున్నపుడు ఇది చిన్న కార్యము కాదు. ఆ మేరకు విదేశమారకము మిగిలినది. చెఱకు రైతునకు మిల్లులు బాకీ తీర్చుటకు దారి యేర్పడినది. ఆ మెప్పును నేను తగ్గింపను.

అయిన వెల యేల తగ్గలేదు? ఒక్క అంకెతో తేలిపోవును. మొక్కజొన్ననుండి తీసిన మద్యసారమునకు 2023-24లోను, 2024-25లోను చమురు కంపెనీలు మిల్లుకు చెల్లించిన వెల లీటరునకు 71 రూపాయల 86 పైసలు. పన్నులు లేని పెట్రోలు 55 రూపాయలని ఇంతకుముందే చెప్పితిని. ఎక్కువ వెలదానిని తక్కువ వెలదానిలో కలిపినపుడు మొత్తము వెల తగ్గునా? ఈ మద్యసారమునకు కేంద్రపు సుంకము లేదు. నూటికి 5 చొప్పున జి.యస్.టి. మాత్రమే. ఆ రాయితీ బంకులో మన చేతికి రాక, మిల్లునకిచ్చు అధికపు వెలలో ఇమిడిపోవుచున్నది. అందులో కొంత మొక్కజొన్న రైతునకు చేరినది గనుక మా పెద్దకాపుగారు దుఃఖింపనక్కఱలేదు. కాని మోటారుసైకిలుమీద పట్టణమునకు పనికి పోవు వారి కుమారుని సంగతి వేఱు.

ఏలయనగా, ఇచ్చట కొలత విషయము కలదు. ఇది నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది. మనము పెట్రోలు కొనుట లీటరులను చూచి కాదు, బండి నడచు దూరమును చూచి. లీటరు మద్యసారము మండినపుడు పుట్టు వేడిమి, లీటరు పెట్రోలుయొక్క వేడిమిలో మూడింట రెండు వంతులు. ఇది పాలలో నీళ్ళు కలుపుట వంటిది కాదు. నీరు మండదు, ఇది మండును. ఆవుపాలలో కలిపిన గేదెపాలుకూడ కాదు. ఏలయనగా ఇది పలుచనిది. ఐదవవంతు కలిసిన లీటరులో వేడిమి నూటికి 93 వంతులుండును. 2021లో నీతి ఆయోగ్ ప్రకటించిన నివేదికలో, పాతకాలపు ఏర్పాటుగల కార్లకు నూటికి 6, 7 వంతులు, ద్విచక్రవాహనములకు 3, 4 వంతులు దూరము తగ్గునని వ్రాసిరి. 2023 ఏప్రిల్ తరువాత వచ్చిన బండ్ల రబ్బరు భాగములు దీనికి తగినవి. పాతవానికి ఆ హామీ లేదు. నెలకు 30 లీటరులు పోయించుకొను మోటారుసైకిలువాడు అదే దూరము పోవుటకు ఇంచుమించు ఇంకొక లీటరు కొనవలయును. ఆ లీటరు 107 రూపాయలలోను సగమునకు కొంచెము తక్కువ పన్నే గదా! శాసనసభలోగాని, పార్లమెంటులోగాని ఎవరును చేయి ఎత్తకయే ఆ పన్ను పెరిగినది. మానిక మార్చకుండ మానికలోని గింజ మార్చినచో ఇట్లే యగును. ఈ నష్టమునకు సరిపడునట్లు పన్ను తగ్గింపవలెనని ఆ నివేదిక వ్రాసినవారే సూచించిరి. ఆ సూచన బంకుదాక రాలేదు.

చెఱకు విరివిగా పండు బ్రెజిల్ దేశమువారు ఈ చిక్కును వేఱువిధముగా తీర్చుకొనిరి. 1973లో చమురు వెల పెరిగి దేశము కుదేలగుటచే 1975 నవంబరున వారు మద్యసారపు పథకము నారంభించిరి. అచ్చట బంకులో రెండు గొట్టములుండును: ఒకటి మద్యసారము కలిసిన పెట్రోలు, రెండవది కేవలము మద్యసారము. 2003నుండి రెండింటితోను నడచు కార్లు వచ్చినవి. మద్యసారపు వెల పెట్రోలు వెలలో నూటికి 70 వంతులకు లోబడినచో అది లాభము, మించినచో పెట్రోలే లాభమని అచ్చటి బండివానికి నోటిలెక్క. వారును దెబ్బ తినకపోలేదు. పంచదార వెల పెరిగి మిల్లులు అటువైపు మొగ్గుటచే 1989-90లో మద్యసారము దొరకక, దానితోమాత్రమే నడచు కార్లవారు బంకులముందు బారులు తీరవలసివచ్చెను. ఏది పోయించుకొనవలెనో ఎంచుకొను స్వేచ్ఛ వారికి ఆ అనుభవమువలననే విలువైనదిగా తోచెనని నా యూహ. మన బంకులో గొట్టమొక్కటే, ఎంచుకొనుటకు లేదు.

ఇపుడు గాదెలోనికి తొంగిచూతము. టన్ను బియ్యమునుండి సుమారు 450 లీటరులు, టన్ను మొక్కజొన్ననుండి 380 లీటరులు మద్యసారము వచ్చును. 2013 నాటి ఆహారభద్రత చట్టము ఒక మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము హక్కుగా ఇచ్చినది. ఆ ఐదు కిలోలను మద్యసారముగా మార్చినచో రెండుంబావు లీటరులు వచ్చును. అది పదకొండు లీటరుల పెట్రోలునకు సరిపోవును. గిడ్డంగులలో పురుగుపట్టు బియ్యమును ఇందులకు వాడుట పాపమని నేననను. 2023 జూలైలో బియ్యపు వెలలు పెరుగుచున్నవని ఆహారసంస్థ కర్మాగారములకు అమ్మకము నిలిపివేసినది. అదే డిసెంబరున చెఱకు రసముమీద కట్టడి వచ్చినది. 2024 ఆగస్టులో రెండును సడలినవి. 2025 జనవరిలో ఆ బియ్యమును క్వింటాలు 2,250 రూపాయలకు ఇచ్చిరి. కొని, మోసి, నిలువజేయుటకు సంస్థకైన ఖర్చు అంతకంటె చాల హెచ్చు. ఆ తేడా పన్నులోనుండియే పూడవలయును. బియ్యము ఆగినపుడు అందఱు మొక్కజొన్నమీద పడిరి. పూర్వము ఎగుమతిచేయు మనదేశము 2024లో దిగుమతి చేసికొనవలసివచ్చినది. కోళ్ళ పెంపకమువారు మేత వెలకు మొఱపెట్టుకొనిరి. ఒకరి పంటపొలమున పడిన వాన ఇంకొకరి కల్లమున పడుట ఇట్టిదే.

ధాన్యము ముట్టనక్కఱలేని మార్గమొకటి మన అడవులలోనే యుండెను. ఆదిలాబాదు ప్రాంతపు పవర్‌గూడ యను గిరిజనుల పల్లెలో స్త్రీల సంఘమువారు కానుగ గింజలనుండి నూనె తీసిరి. ఆ నూనె డీసెలునకు మారుగా పనిచేయును గనుక, 147 టన్నుల బొగ్గుపులుసు గాలిని తగ్గించినందులకు ప్రపంచబ్యాంకు 2003లో వారికి 645 డాలర్లు చెల్లించినది. అదే కాలమున ఢిల్లీ పెద్దలకు అడవి ఆముదముమీద మోజు కలిగినది. 2011-12 నాటికి డీసెలులో ఐదవవంతు దాని నూనెయే కలుపుదుమనిరి. బీడునేలలో నీరులేకయే కాచుననుకొన్న చెట్టు, నీరులేనిచోట కాయలే కాయలేదు. నాటిన రైతులు పెఱికివేసిరి. 2018 నాటి విధానము 2030 నాటికి డీసెలులో 5 పాళ్ళు చాలునన్నది. కానుగ మన నేల చెట్టు. దానికి ఓపికతో కొన్నియేండ్లు ఆగవలెను. ఓపిక ఏ పంచవర్ష ప్రణాళికలోను ఉండదు.

నీరనగా జ్ఞప్తికి వచ్చినది. చెఱకునుండి వచ్చు లీటరు మద్యసారమునకు, పొలములో పారిన నీటితో కలిపి 2,860 లీటరుల నీరు పట్టునని నీతి ఆయోగ్ నివేదికలోనే యున్నది. మొక్కజొన్నకు అంత పట్టకపోయినను, కర్మాగారమునకు బోరునీరు కావలయును, మురుగు బయటికి పోవలయును. నారాయణపేట జిల్లా చిత్తనూరు ప్రాంతమున 2023లోను, నిర్మల్ జిల్లా దిలావర్‌పూరులో 2024 నవంబరులోను జనులు రోడ్డెక్కినది ఈ భయముతోనే. దిలావర్‌పూరులో పనులు నిలిపివేయుడని అధికారులు చెప్పవలసివచ్చినది.

పెద్దకాపుగారికి ఈ లెక్కలన్నియు రచ్చబండకడనే చదివి వినిపించితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "వెల తగ్గకపోవుటకు కారణము తెలిసినది. మా మొక్కజొన్నకు గిట్టుబాటు వచ్చునా రాదా, అది చెప్పుడు" అనిరి. 2024-25లో మద్దతు వెల క్వింటాలునకు 2,225 రూపాయలు. కర్మాగారము దగ్గఱనున్నచో పోటీ పెరిగి అంతకు మించవచ్చును, మిల్లులు కొనుట తగ్గించినయేడు పడిపోవచ్చును. అంతకంటె చెప్పుటకు నావలన కాలేదు. వారి పొరుగు రైతు బావి, కర్మాగారమునకని చెప్పుకొనుచున్న స్థలమునకు ఆనుకొనియున్నది. అతడు ఆ దినమున ఒక్కమాటయు అనలేదు. గ్రామసభ పిలుపు వచ్చిననాడు మేము మువ్వురము కలిసి పోవుటకు నిశ్చయించుకొంటిమి. పెద్దకాపుగారు వెలనుగూర్చి అడిగెదరు. నేను ఎన్ని బోరులు వేయుదురో, ఎంత లోతునకో, మురుగు ఏ వాగులోనికి విడుతురో వ్రాతమూలముగా అడిగెదను.