అమృతాలు ముగ్గురు, అంజి ఒక్కడే

మన పెద్దలు చెరుకుతోటలకు తెచ్చుకొన్న తెలుగు మన ఇండ్లలో సన్నగిల్లింది. మాకు వచ్చినది సంఘం తరగతులలో నేర్చినదే. వ్యాసం వ్రాయగలం గాని ఎవరైనా దెప్పితే బదులు చెప్పలేము. ఉపాధ్యాయ వృత్తిపై ఒమాను వచ్చి, మస్కటులోని రూవీలో తెలుగు ఇరుగుపొరుగు దొరికాక, వారింట "అమృతం" చూచాము.

గుణ్ణం గంగరాజు గారి ఈ హాస్య ధారావాహిక 2001 నుండి 2007 వరకు జెమిని టి.వి.లో వచ్చినది. అమృతం, ఆంజనేయులు అనే మిత్రులు అమృత విలాస్ హోటలు నడుపుతారు. అమృతం వేషాన్ని శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ గార్లు ఒకరి తరువాత ఒకరు వేశారు. నాయకుడే మారితే కథ నిలుస్తుందా? నిలిచినది. అంజి మారలేదు గనుక. ఆ వేషధారి గుండు హనుమంతరావు గారు.

సహాయ పాత్ర అంటే ఏమిటో తెలియాలంటే బుర్రకథ తలచుకొండి. కథకుని ప్రక్కన హాస్యం చెప్పే వంత ఉంటాడు. అతడు అడ్డుప్రశ్న వేస్తేనే కథకుడు విడమర్చి చెబుతాడు. అంజి పని అదే. అమృతానికి డబ్బు సంపాదించే ఉపాయం తోస్తుంది. అంజికి అనుమానం, ఆపై మొగమాటం, ఆపై ఇద్దరికీ చిక్కు. ఆ నసుగుడులోనే మాకు తరగతిలో దొరకని తెలుగు వినబడింది. (మా వ్యాకరణం మాస్టారు వింటే కోప్పడేవారు.)

హనుమంతరావు గారు విజయవాడవారు, నాటకాలనుండి వచ్చినవారు. 2018 ఫిబ్రవరి 19న కన్నుమూశారు. 2020లో "అమృతం ద్వితీయం" వచ్చినప్పుడు అంజిగా ఎల్.బి. శ్రీరామ్ గారు నటించారు. ఆయన గట్టి నటులే, సందేహం లేదు. అయినా పొరుగింటి మామ్మగారు రెండు భాగాలు చూచి, పాతవి పెట్టమన్నారు.