ఒక్క డిలీట్.. 43 మంది మాయం!

సికింద్రాబాద్ ప్యాట్నీ దగ్గర ఓ చిన్న కంపెనీలో నేను సిస్టమ్ అడ్మిన్‌ని. ఓ శుక్రవారం సాయంత్రం ఖాళీ ఓయూ ఒకటి తీసేద్దామని క్లిక్ చేశా. (ఓయూ అంటే ఉస్మానియా కాదు, ఆర్గనైజేషనల్ యూనిట్!) హెచ్చరిక వచ్చింది. చదవకుండానే 'ఎస్' కొట్టేశా. తీరా చూస్తే పోయింది అకౌంట్స్ విభాగం మొత్తం. 43 మంది లాగిన్‌లు! మర్నాడే జీతాల ఫైల్ బ్యాంకుకు వెళ్లాలి.

యాక్టివ్ డైరెక్టరీ అంటే ఆఫీసు హాజరు పట్టీ, తాళాల గుత్తి రెండూ అదే. గుట్టుగా అవే పేర్లతో కొత్త ఖాతాలు చేసేద్దామా అనిపించింది. కానీ ప్రతి ఖాతాకీ లోపల 'సిడ్' అనే నంబర్ ఉంటుంది. పేరు అదే పెట్టినా నంబర్ మారుతుంది. పాత ఫైళ్లు తెరుచుకోవు.

వెంటనే సీనియర్‌కి ఫోన్ చేశా.

"అన్నా, పెద్ద తప్పు చేసిన."

"పరేషాన్ కాకు తమ్మీ. రీసైకిల్ బిన్ ఆన్‌లో ఉందా?"

లేదు. విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి ఆ సదుపాయం ఉంది కానీ, ముందే ఆన్ చేసుకోవాలి. ఇక దిక్కు గురువారం రాత్రి బ్యాకప్పే.

ఒక సర్వర్‌ను రిస్టోర్ మోడ్‌లో లేపి బ్యాకప్ ఎక్కించాం. అసలు కిటుకు ఆ తర్వాతే. అలాగే వదిలేస్తే రెండో సర్వర్ 'ఇవి డిలీట్ అయినవి' అంటూ మళ్లీ తీసేయిస్తుంది. అందుకే 'అథారిటేటివ్ రిస్టోర్' చేయాలి. అది వెర్షన్ నంబర్‌ను లక్ష పెంచుతుంది. అప్పుడు మన మాటే నెగ్గుతుంది.

రాత్రి ఒంటిగంటన్నరకి 43 పేర్లూ తిరిగొచ్చాయి. శుక్రవారం పాస్‌వర్డ్ మార్చుకున్న ఇద్దరు మాత్రం పాతదే కొట్టాల్సి వచ్చింది. జీతాలు ఆగలేదు.

2017లో నాట్‌పెట్యా దాడికి షిప్పింగ్ దిగ్గజం మెర్స్క్ డొమైన్ కంట్రోలర్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఘానాలో కరెంటు పోయి ఆఫ్‌లో ఉన్న ఒక్కటే మిగిలింది. దాని డేటాతోనే మళ్లీ లేచారు. మనం మాత్రం కరెంటు కోతను నమ్ముకోలేం కదా!

అందుకే ఇవాళే రీసైకిల్ బిన్ ఆన్ చేయండి. ప్రతి ఓయూకీ పొరపాటున డిలీట్ కాకుండా కాపాడే టిక్ పెట్టండి. బ్యాకప్ తీయడమే కాదు, తిరిగి ఎక్కించి చూడండి. అన్నిటికంటే ముందు.. తప్పు జరిగితే దాచకండి. ఆ రాత్రి నన్ను కాపాడింది బ్యాకప్ ఒక్కటే కాదు, ఐదు నిమిషాల్లో చేసిన ఆ ఫోన్ కూడా.