లాడం పుట్టుక, పెంపు

గుర్రం తన బరువునంతా ఒక్కో కాలికి ఒక్కో వేలి మీదే మోస్తుంది. ఆ వేలిని చుట్టి ఉన్న గిట్ట, మన గోళ్లలో ఉండే కెరాటిన్ అనే ప్రొటీన్‌తోనే తయారై, నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బయళ్లలో తిరిగే గుర్రానికి పెరుగుదలా అరుగుదలా సరిపోతాయి గాని, మనిషి దానిపై బరువు వేసి రాతిబాటలు పట్టించాక అరుగుదలే మించిపోయింది.

క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు రచయిత జెనఫన్, గిట్టలు గట్టిపడడానికి గుండ్రాళ్లు పరిచి వాటిపై గుర్రాన్ని నిలబెట్టమన్నాడే గాని లాడం ఊసెత్తలేదు. రోమన్లు తోలుపట్టీలతో కట్టే ఇనుప చెప్పులు తొడిగారు. మేకులతో బిగించే నెలవంక ఆకారపు ఇనుము, బైజాంటైన్ చక్రవర్తి ఆరవ లియో పేరుతో సుమారు క్రీ.శ. 900లో వెలువడిన యుద్ధతంత్ర గ్రంథంలో కనిపిస్తుంది.

అసలు నేర్పంతా మేకులో ఉంది. గిట్టను అడుగునుంచి చూస్తే వెలుపలి గోడకూ లోపలి అరికాలికీ నడుమ తెల్లగీత అనే సన్నని అంచు కనిపిస్తుంది. దాని వెలుపలి గోడకు నరాలు లేవు గనుక మేకు దిగినా నొప్పి తెలియదు, లోపలికి పోతే మాత్రం జీవకణజాలంలో గుచ్చుకుని, చీముపట్టి, గుర్రం కుంటుతుంది. అందుకే మేకు మొనను ఒక పక్కనే ఏటవాలుగా చేస్తారు. సుత్తిదెబ్బకు అది వెలుపలికి వంగుతూ గోడలోంచి పొడుచుకొస్తే, మొన తుంచి, మిగిలినదాన్ని గోడకు మడిచి, ఆకురాయితో నున్నగా రుద్దుతారు. అంతకుముందు, కాల్చిన లాడాన్ని గిట్టకు క్షణకాలం ఆనించినప్పుడు వెంట్రుకలు కాలిన కమురువాసనతో పొగ లేస్తుంది (వెంట్రుకలూ కెరాటినే). మాడని చోటును బట్టి లాడం ఎక్కడ ఆనలేదో కమ్మరి కనిపెడతాడు. తెలుగునాట బండి ఎడ్లకు కొట్టే లాడాలదీ ఇదే సూత్రం. అయితే ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది గనుక కాలికి రెండేసి రేకులు కావాలి, ఎద్దును పడవేసి కాళ్లు కట్టి మరీ కొట్టాలి.

19వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండు పశువైద్యుడు బ్రేసీ క్లార్క్, బరువు పడినప్పుడు గిట్ట మడమవైపు వెడల్పవుతుందనీ, కాలెత్తగానే మళ్లీ దగ్గరవుతుందనీ, బిగించిన ఇనుము ఆ కదలికను అడ్డుకుంటుందనీ వాదించాడు. లాడం చరిత్రలో ఏ యంత్రం కన్నా ఈ గ్రహింపే విలువైనది. నేటికీ మేకులను ముందుభాగానికే పరిమితం చేసి మడమను స్వేచ్ఛగా వదలడానికి ఆధారం గిట్టకున్న ఈ సాగే గుణమే.

స్కాట్లండులో పుట్టి అమెరికాలోని ట్రాయ్‌లో స్థిరపడిన హెన్రీ బర్డెన్, 1835లో లాడాల యంత్రానికి పేటెంటు పొంది, 1857 నాటికి నిమిషానికి 60 లాడాలు తీసే యంత్రం తయారుచేశాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యానికి లాడాలు అందించిన కర్మాగారం ఆయనదే. అయినా ప్రతి లాడాన్నీ దాగలి మీద ఆ కాలికి తగ్గట్టు సరిచేయక తప్పలేదు. లాడం వేశాక గిట్ట అరగదు గనుక, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి దాన్ని ఊడదీసి పెరిగిన గిట్టను చెక్కాలి. పాత మేకుల రంధ్రాలు గోడతోపాటు కిందికి జరుగుతూ, కొంత కాలానికి కత్తికి తెగి రాలిపోతాయి.