బిడ్డకు పోయు తొలిగుక్క

కల్లు చలువచేయుననియు, ఎదుగు బిడ్డకు బలమిచ్చుననియు తోటలలోని పెద్దలు తరతరములుగా నమ్ముచు వచ్చిరి. ఈ నమ్మకమున కొంత నిజము లేకపోలేదు. అందుచేతనే యది ప్రమాదకరము. కొబ్బరిచెట్టునుండి అప్పుడే దింపిన నీరు తియ్యగనే యుండును. కాని గాలిలోను కుండలోను నుండు సూక్ష్మజీవులు అందలి చక్కెరను మద్యముగా మార్చివేయును. కొన్ని గంటలలోనే పులుపు పట్టును. మరునాటికి నూటికి 4, 5 పాళ్లు మద్య మేర్పడును. తల్లి తలచు తియ్యనీరు వేరు, మధ్యాహ్నపు ముంతలో నుండునది వేరు.

సంసు అను చౌక సారాయి ఇంతకంటె చెడ్డది. దొంగచాటు సరుకులో మిథైల్ మద్యము కలిసినచో కన్నులు పోవును, ప్రాణమును పోవును. 2018లో మలేషియా సెలంగూరు ప్రాంతమున కల్తీ మద్యము త్రాగి పలువురు మరణించిరి.

“ఒక్క గుక్కకే నేమగును?” అని తండ్రులడుగుదురు. 1997లో అమెరికాలో వెలువడిన పరిశీలన యొకటి కలదు. 15 ఏండ్లు నిండకముందే త్రాగ మొదలిడినవారిలో నూటికి 40 మందికి పైగా ఏదో యొక కాలమున వ్యసనమునకు లోబడిరి. 20 ఏండ్లు నిండినపిదప మొదలిడినవారిలో సుమారు 10 మందియే. ఈ భేదమంతయు తొలిగుక్కవలననే కలిగెననరాదు. ఇంటి పరిస్థితులకును ఇందు పాలు కలదు. అయినను మెదడు ఇరువదియైదేండ్ల వరకు ఎదుగుచునే యుండును. ఆ యెదుగుదలపై మద్యము పోయుట యే తండ్రికిని తగదు.

ఈ సంగతి తోటకూలీలకు కొత్తది కాదు. 1941లో క్లాంగు ప్రాంతపు రబ్బరుతోటల కూలీలు సమ్మెకట్టినపుడు, కల్లుదుకాణములు మూయవలెననియు బిడ్డలకు తగిన చదువు చెప్పింపవలెననియు ఒకే పట్టికలో కోరిరి. దొరల యెదుట సైకిలు దిగి నడువనక్కరలేదన్న కోరికయు అందే యుండెను. ముంతయు బడియు పరువును వారికి ఒకే వ్యవహారము. 1947లో కెడాలో తొండర్ పడై యువకులు దుకాణములయెదుట నిలిచి త్రాగువారిని వారించిరి. పోలీసులతో ఘర్షణలు జరిగెను. చదువుకొన్న పెద్దలు చేయవలసిన పనిని కూలిబిడ్డలే పైన వేసికొనిరి.

ఇప్పుడు చట్టములు కలవు. మలేషియాలో మద్యము కొనుటకు కనీస వయస్సు 18 నుండి 21కి 2017 డిసెంబరులో పెంచబడెను. 18 ఏండ్లలోపువారికి సిగరెట్టుగాని వేపుగాని అమ్మరాదని 2024 అక్టోబరునుండి శాసన మమలులో నున్నది. అయితే వేపు పండ్లవాసన వేయును. పుస్తకముల సంచిలో కలముమాడ్కి ఇమిడిపోవును. బీడీవాసన పసిగట్టిన తల్లియు దీనిని గుర్తింపజాలదు. సంచి వెదకుటకంటె, సాయంకాలము బిడ్డ యెవరితో తిరుగుచున్నాడో, చేతిడబ్బు దేనికి కర్చగుచున్నదో అడిగి తెలిసికొనుట మేలు. బయటపడినపుడు కొట్టినచో మరింత చాటుగా పీల్చును. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో పొగమాన్పించు సలహాయు చికిత్సయు లభించును. బిడ్డను వెంటబెట్టుకొని పోవలసినవారు తల్లిదండ్రులే.